నెయ్యి రంగు మంట

మా మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను కుండలు కాల్చే ఆవం నోరు ఇటుకలతో మూస్తున్నాను. మధ్యాహ్నం మూడు దాటింది. "బాపు పోయిండే" అన్నాడు మా ఆయన, అత్తాపూర్ దవాఖాన నుంచి ఫోన్లో. ఇంకా నాలుగు ఇటుకలు మిగిలి ఉన్నాయి. ఆ నాలుగూ పెట్టి, సందుల్లో మట్టి మెత్తి, చేతులు కడుక్కుని అప్పుడు బయలుదేరాను. ఇదేం మనసు అని మీరు అనుకోవచ్చు. అనుకోండి. ఆయనే నా చోట ఉంటే, మూసిన నోరు గట్టిగా ఉందో లేదో రెండుసార్లు తట్టి చూసి మరీ వచ్చేవాడు.

తర్వాత పదకొండు రోజులూ వచ్చినవాళ్లంతా ఆయన్ని పొగిడారు. బంగారం లాంటి మనిషి అన్నారు. చీమకైనా హాని చేయలేదు అన్నారు. ఆ మాట అన్న మనిషి మా ఆవం దగ్గర ఒక్కపూట కూడా నిలబడలేదని నాకు తెలుసు. మా దగ్గర మట్టి పని నేర్చుకోవడానికి ఆదివారాలు వచ్చే పిల్లలు, "అక్కా, మీ గురువు గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వండి" అని అడిగారు. నాలుగు మంచి మాటలు దొరక్కపోవు. కానీ అవి మాత్రమే రాస్తే ఆయన గురించి రాసినట్టు కాదు, నా గురించి దాచినట్టు అవుతుంది. ఆయన కఠినుడు. ఆయన దగ్గర పదహారేళ్లు నేర్చుకున్న నేను అంతకంటే కఠినురాలిని. ఈ రాస్తున్నది మా ఆయనకు కూడా ఇంకా తెలియదు. మీతో పాటే చదువుకుంటాడు.

ముందు మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మా కుండలకు రంగులు వేయం. జల్లించిన బూడిదను నీళ్లలో కలిపి పచ్చికుండలకు పూస్తాం. వాటిని ఆవంలో పేర్చి మూడు రోజులు ఆపకుండా కట్టెలు వేస్తాం. మంటతో పాటు ఎగిరివచ్చే బూడిద కూడా కుండల మీద వాలుతుంది. వేడి ముదిరితే ఆ బూడిదంతా కరిగి, గాజై, కుండకు అంటుకుంటుంది. మంట ముందే ఆపితే బూడిద బూడిదగానే మిగిలిపోతుంది. ఆలస్యమైతే కుండలు కుంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎప్పుడు ఆపాలన్న ఒక్క మాట మీద ఎనిమిది నెలల పని నిలబడి ఉంటుంది. ఆ మాట చెప్పేవాడే ఆవానికి యజమాని. మా ఇంట్లో ఆ మాట మామది. ఆయనకు ఇల్లు, పొలం, పరువు అన్నీ ఆ మాటే.

మా ఇల్లు కొత్వాల్‌గూడ శివారులో. మామ తండ్రి రంజన్లు, బోనం కుండలు చేసేవాడట. ప్లాస్టిక్ బిందెలు, ఫ్రిజ్‌లు వచ్చాక ఆ పని చితికిపోయింది. అప్పుడు మామ పంతొమ్మిదేళ్ల వయసులో తమిళనాడు వైపు సముద్రం ఒడ్డున ఒక కార్ఖానాలో కట్టెలు వేసే కూలీగా చేరాడు. అక్కడ పింగాణీలా గట్టిపడే కుండలు కట్టెల మంట మీద కాల్చేవారు. అక్కడి మేస్త్రి ఆవం కంతలోంచి చూపించి మంట ఏ రంగులో ఉందో అడిగేవాడట. తప్పు చెబితే అరచేతిని వేడి ఇటుక మీద పెట్టించేవాడట. మామ ఎడమ అరచేతిలో మచ్చ ఉండేది. "గిది నా సర్టిఫికెట్" అని అందరికీ చూపించేవాడు. పదకొండేళ్లు అక్కడ కాలి, తిరిగొచ్చి, కాటేదాన్ కొలుముల వాళ్లు పారేసిన ఇటుకలు ట్రాలీ ఆటోల్లో తెచ్చుకుని మా పొలం గట్టు వాలున పొడవాటి ఆవం కట్టాడు. ఊళ్లో వాళ్లు దాన్ని చూసి, "కుమ్మరోడు రైలుపెట్టె కట్టిండు" అని నవ్వారట.

ఇప్పుడు ఆ ఆవం మీదుగా విమానాలు చక్రాలు చాపుకుని దిగుతుంటాయి. మామకు వాటితో ఒకటే పని. అవి ఏ దిక్కు నుంచి దిగుతున్నాయో చూసి గాలి ఎటు ఉందో చెప్పేవాడు. గాలిని బట్టి కట్టె సన్నదో లావుదో చెప్పేవాడు. "గంత పెద్ద ఎయిర్‌పోర్టు నా ఆవం కోసమే కట్టిండ్రు" అనేవాడు. ఆయన నోట్లోంచి వచ్చిన వేళాకోళం మొత్తం అంతే.

నేను కాటేదాన్ పిల్లని. మా నాన్న ఒక వర్క్‌షాపులో పని చేసేవాడు. మాదీ కుమ్మరి కులమే కానీ మా ఇంట్లో ఎవరికీ మట్టి తడి తెలియదు. కోడలిగా వచ్చిన నెలకే మామ నా చేతికి గొడ్డలి ఇచ్చాడు. సర్కారు తుమ్మ కట్టె చీల్చడం, ఎండబెట్టడం, బూడిద జల్లించడం. రెండేళ్లు అంతే. ముక్కులోంచి, చెవుల్లోంచి బూడిద వచ్చేది. మట్టి ఎప్పుడు ముట్టుకోవాలి మామా అని అడిగితే, "మట్టి మాట వింటది. మంట వినదు. మంట మాట మనమే వినాలె. ముందుగాల గది నేర్సుకో" అన్నాడు.

మూడో ఏడు సారె ఎక్కించాడు. మా కులంలో ఆడవాళ్లు సారె, అంటే కుండలు చేసే చక్రం, ముట్టకూడదంటారు. చుట్టాలు వచ్చి పంచాయతీ పెట్టారు. కోడలిని సారె మీద కూర్చోబెడితే వంశానికి మంచిది కాదన్నారు. మామ వాళ్ల చాయ్‌లు తాగడం అయ్యేదాకా ఆగి, "మీ కొడుకులను పంపుండ్రి. మే నెలల ఆవం ముంగట మూడు రోజులు నిలవడితే ఈమెను ఇంట్ల కూసోవెడ్త" అన్నాడు. ఒక్కడినీ ఎవరూ పంపలేదు. మామ సొంత కొడుకు, మా ఆయన కూడా ముందుకు రాలేదు. ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుకుంటాడు, ఏసీ మనిషి.

ఇది ఆయన నాకు చేసిన మేలు. తీర్చుకోలేనిది. ఇంకొకటి కూడా ఉంది. నేను చేసిన ఒక లోటాలో ఏడాది పాటు చాయ్ తాగాడు. బాగుందని అనలేదు. అది చేయి జారి పగిలిన రోజు పొద్దంతా అత్త మీద అరిచాడు.

మిగతాదంతా గుదియే, దుడ్డుకర్రే. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెత. మా ఇంట్లో అది సామెత కాదు. ఆవం తెరిచిన రోజు మామ చేతిలో కట్టె గుదియ ఉండేది. నచ్చని కుండను చేసినవాళ్ల చేతికే ఇచ్చి, నేల మీద పెట్టించి, అందరి ముందు కొట్టించేవాడు. తనవి కూడా. కొనడానికి వచ్చినవాళ్లు, "అయ్యో, అది బాగానే ఉంది కదా, మాకివ్వండి" అంటే ఇంకా గట్టిగా కొట్టించేవాడు. నాకు ఏడుపొస్తే, "ఏడ్వు. గని చెయ్యి ఆపకు" అనేవాడు. నేర్చుకోవడానికి వచ్చిన ఒక అబ్బాయి, పాపం, ఆవం వేడి కొలిచే మీటరు ఒకటి ప్రేమగా కొనుక్కొచ్చి ఇచ్చాడు. మామ దాన్ని తిప్పి తిప్పి చూసి, కట్టెల నోట్లోకి విసిరేసి, "ఇగ చూపియ్యమను, ఎంతున్నదో" అన్నాడు. ఆ అబ్బాయి మళ్లీ రాలేదు.

ఇక రంగులు. మంటకు మామ పెట్టుకున్న పేర్లు ఇవి. మొదట ఎండుమిర్చి. తర్వాత మోదుగుపూవు. తర్వాత తంగేడుపూవు. చివరికి కరిగిన నెయ్యి. నెయ్యి రంగు వచ్చిందంటే ఇక చాలు, నోళ్లు మూసేయాలి. ప్రతిసారీ నన్ను కంత ముందు నిలబెట్టి, "ఏం రంగున్నది పిల్లా?" అని అడిగేవాడు. మిర్చి, మోదుగు, తంగేడు నాకు బాగానే తెలిశాయి. నెయ్యి దగ్గరే చిక్కు. ఆయన నెయ్యి అన్నప్పుడు నాకు అక్కడ నెయ్యి కనబడేది కాదు. తెల్లగా, జొన్న పేలాల్లా ఉండేది. మొదటిసారి ఆ మాటే అన్నాను.

"ఏంది? పేలాలా? కండ్లున్నయా, గుంతలున్నయా?"

"తెల్లగనే కొడ్తున్నది మామా."

"జర మంచిగ సూడు. నెయ్యి కనవడేదాక ఆన్నే నిలవడు."

మే నెల మధ్యాహ్నం. కంతలోంచి మంట నాలుక చాపుతోంది. నా కనుబొమ్మలు కమిలిన వాసన నాకే వచ్చింది. అత్త నీళ్లు తెస్తే ఆపేశాడు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి "నెయ్యే మామా" అన్నాను. "ఆ. గిప్పుడు కనవడ్డది" అన్నాడు. కనబడలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లలో ఎప్పుడూ కనబడలేదు. నా కన్నే తక్కువదనుకున్నాను. తెలుపు ఒక రకంగా మెరిసినప్పుడు నెయ్యి అని చెప్పాలని లెక్క పెట్టుకున్నాను. చెప్పేదాన్ని. సరిపోయేది. కుండలు ఎప్పుడూ అద్భుతంగా వచ్చేవి, అది మాత్రం ఒప్పుకోవాలి.

మంట చూసీ చూసీ ఆయన రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. చాయ్ గ్లాసు అంచు తడుముకుంటూ పట్టుకునేవాడు. కట్టె అనుకుని ఒకసారి పాము మీద చేయి వేయబోయాడు. ఆపరేషన్ చేయించుకోమని వెంటపడింది నేనే. మా ఆయన, అత్త రెండుసార్లు చెప్పి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. ఆ ఒక్క విషయంలో నా మనసు శుభ్రంగా ఉంది, దేవుడి మీద ఒట్టు. ఒక కన్ను, నెల తర్వాత రెండోది చేయించాం. కట్టు విప్పాక వారం రోజులు చిన్నపిల్లాడిలా తిరిగాడు. "గా గోడ మీద బల్లి కనవడ్తున్నది. నీ జుట్టుల తెల్లెంటికె కనవడ్తున్నది" అని అన్నీ చెప్పేవాడు. ఆయన నవ్వుతుంటే మాకు భయం వేసేది.

ఆ తర్వాత కాల్చిన మొదటి ఆవమే నేను చెప్పాల్సింది.

అందులో ఎక్కువ ఆయన పనే. ఎనిమిది నెలలు చేసిన పెద్ద కాగులు, జాడీలు. నాది ఒకటే పెద్ద జాడీ. నా రొమ్ము ఎత్తు వచ్చేది. మూడు నెలలు నీడలో ఆరబెట్టాను. అంత ఎత్తు నేను అంతకుముందు ఎప్పుడూ లేపలేదు. ఆవం పేర్చే రోజు మామ దాన్ని చూసి, చోటు తింటోందన్నాడు. పక్కకు పెట్టు అంటాడనుకున్నాను. కాలితో తోశాడు. పచ్చిజాడీ కదా, చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. మెత్తగా కూలింది. "మల్ల చేద్దువులే" అని తన కాగు ఎత్తి ఆ చోట పెట్టాడు. అందరూ చూస్తుండగానే. నేను చీపురు తెచ్చి ఊడ్చాను.

మూడో రోజు మధ్యాహ్నం. కొనేవాళ్లు, చుట్టాలు, నేర్చుకునే పిల్లలు, ఇరవై మంది దాకా ఉన్నారు. కళ్లు బాగయ్యాక మొదటి ఆవం కదా, చూడ్డానికి వచ్చారు. మామ ఉతికిన తెల్ల పంచె కట్టుకుని కంతలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ ముఖంలో ఉన్న తేజస్సు నేను ఎన్నడూ చూడలేదు. వెనక్కి తిరిగి నన్ను పిలిచాడు.

"ఏం రంగున్నది పిల్లా?"

చూశాను. పన్నెండేళ్లలో మొదటిసారి, ఆయన అడిగినప్పుడు నాకు నెయ్యి కనబడింది. కరిగిన ఆవు నెయ్యి, అచ్చంగా. ఆయన రోజూ నా నెత్తిన కొట్టిన ఆ రంగు ఇదా అనుకున్నాను. వెంటనే ఇంకొకటి కూడా అర్థమైంది. ఇది చాలదు. మనం ఎప్పుడూ ఆపే చోటు ఇంకా అరపూట దూరంలో ఉంది. తెలుపు రావాలి. కుండల మీద బూడిద ఇంకా మెరవడం లేదు. ఆయన పొరబడుతున్నాడు.

చెప్పొచ్చు. "మామా, ఇంకో అరపూట" అంటే చాలు. తిట్టేవాడు, బహుశా కంత ముందు నిలబెట్టేవాడు, కానీ పరీక్షకు లోపల పెట్టే పెంకు ముక్కను ఇనుప చువ్వతో బయటికి లాగి చూపించమని నేను పట్టుబట్టి ఉండొచ్చు. నాకు నా జాడీ గుర్తొచ్చింది. చీపురు గుర్తొచ్చింది.

"నెయ్యే, మామా" అన్నాను.

"మూయుండ్రి" అన్నాడు.

నేనే అందరికంటే ముందు ఇటుక అందుకున్నాను.

నాలుగు రోజులు చల్లారాక తెరిచాం. మళ్లీ ఆ ఇరవై మందీ వచ్చారు. మొదటి కాగు బయటికి తీసి మామ చేతికిచ్చారు. దాని మీద బూడిద బూడిదలాగే ఉంది. మామ బొటనవేలితో రుద్దాడు. వేలికి తెల్లగా అంటింది. రెండోది తీశారు. మూడోది. కొనడానికి వచ్చిన ఒకావిడ, "ఇదీ ఒక స్టైలేమో లెండి" అంది. ఆవిడ జాలితోనే అంది. గుదియతో కొట్టినా మామకు అంత తగిలేది కాదు. చెప్పులు వేసుకోకుండా ఇంట్లోకి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే కార్లు ఎక్కారు.

వాటిని మళ్లీ ఆవంలో పెట్టి కాల్చొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. కాల్చొచ్చు. నేనూ ఆ మాటే మామతో అన్నాను. "నా నోటితోని చాలన్న ఆవం. మల్ల ఎక్కియ్య" అన్నాడు. పగలగొట్టించనూ లేదు. తనే ఒక్కొక్కటి మోసుకెళ్లి వెనక కట్టెల కొట్టంలో పేర్చాడు. రెండు రోజులు పట్టింది. ఎవరినీ చేయి వేయనివ్వలేదు.

తర్వాతి ఆవం పేర్చేటప్పుడు నన్ను పిలిచి, "నా కంటి పని అయిపోయింది. ఇగ నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. పేలాల తెలుపు వచ్చేదాకా ఆగి, మూయమన్నాను. ఇరవై మంది నా నోటి వైపు చూశారు. ఆ కుండలు చూసి ఒకాయన కళ్లకు అద్దుకున్నాడు. ఆ రుచి ఎలా ఉంటుందో నేను మీకు చెప్పలేను. ఉప్పూ కారం తెలియని నాలుకకు ఒక్కసారి ఆవకాయ తగిలినట్టు.

ఆ ఏడు చివర్లో అత్తకు కూడా కంటి ఆపరేషన్ చేయించాం. దవాఖానలో కౌన్సెలింగ్ చేసే అమ్మాయి అత్తకు జాగ్రత్తలు చెబుతూ, "అమ్మా, కొన్ని రోజులు రంగులు కొత్తగ కనవడ్తయి. పరేషాన్ కావొద్దు. ఇన్నేండ్లు పసుపు అద్దంలకెల్లి చూసినట్టు చూసిండ్రు మీరు. తెల్లటిది పసుపుగ కనవడేది. ఇప్పుడు అసలు రంగు కనవడ్తది" అంది. అత్త తలూపింది.

మామ కన్ను తప్పలేదు. మామ విద్య పోలేదు. వయసులో ఆయనకూ ఆఖరి మంట తెల్లగానే కనబడి ఉంటుంది. కన్ను ఏటికేడు పసుపెక్కింది, ఆయనకు తెలియకుండానే తెలుపు నెయ్యి అయింది. ఆపరేషన్‌తో ఆ పసుపు పోయింది. నెయ్యి కోసం కాకుండా పేలాల కోసం చూడు మామా అని ఒక్క మాట చెబితే చాలు, ఆవం మళ్లీ ఆయనది.

చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా రేపు చెబుదామనుకున్నాను. రెండేళ్లు రేపు రేపు అనుకుంటూనే ఉన్నాను. ఇందులో అనుకోవడానికి ఏమీ లేదు, నాకు చెప్పాలని లేదు. అంతే. మూయండి అనే మాట నాది అయింది. దాన్ని తిరిగివ్వడం నా వల్ల కాలేదు.

అది కూడా చాలదన్నట్టు ఇంకో పని చేశాను. ఊరికే కూర్చుంటున్నాడని, "మామా, బూడిద జల్లెడ పట్టరాదు" అన్నాను. కొత్త కోడలికి ఇచ్చే పని. నాకు ఆయన ఇచ్చిన పని. ఆయన నా ముఖం ఒకసారి చూసి, జల్లెడ అందుకున్నాడు. రెండేళ్లు రోజూ పట్టాడు. ముక్కుకు గుడ్డ కట్టుకో అని చెప్పేదాన్ని, కట్టుకున్నాడో లేదో చూసేదాన్ని కాదు. జల్లెడ పడుతూ మధ్యమధ్య తలెత్తి నన్నే చూసేవాడు. ఏదో అడుగుతాడేమో అనిపించేది. అడిగేవాడు కాదు. మళ్లీ తల వంచుకునేవాడు.

ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. ఇన్నేళ్ల దుమ్ము అన్నాడు డాక్టరు. ఆ దుమ్ములో నా రెండేళ్ల వాటా ఎంతో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, దవాఖానలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన ముక్కుకూ నోటికీ మాస్కు ఉంది. ఇక దాచి ఏం లాభం అనుకున్నానో, ఆయన తిట్టలేడన్న ధైర్యమో. మొత్తం చెప్పాను. కంత ముందు నాకు నెయ్యి కనబడిన సంగతి, చాలదని తెలిసీ నెయ్యే అన్న సంగతి, కౌన్సెలింగ్ అమ్మాయి మాట, రెండేళ్ల మౌనం, అన్నీ. ఆయన చేయెత్తి మాస్కు పక్కకు లాగాడు.

"తెల్సు" అన్నాడు.

"ఏం తెల్సు మామా?"

"ఆవం తెరిచిన వారంల చెర్వుగట్టుకు పోయిన. తంగేడు పూసింది. ఎన్నడు చూసిన తంగేడు కాదది. గప్పుడే సమజైంది. వయసుల ఉన్ననాడు నేను గూడ పేలాలే అంటుంటి."

"మరి చెప్పకపోతివి? నీ ఆవం నువ్వు తీసుకోకపోతివి?"

ఊపిరి అందక ఎగపోశాడు. నేను మాస్కు పెట్టబోతే చేయి తోసేశాడు.

"నువ్వు చెప్తవేమోనని చూసిన."

రెండేళ్లు జల్లెడ ముందు కూర్చుని ఆయన తలెత్తి చూసింది అందుకు. కంత ముందు నన్ను నిలబెట్టినట్టే, సరైన జవాబు వచ్చేదాకా నిలబెట్టి చూశాడు. ఈసారి నా ముందు తనే నిలబడి.

"మంచిగ నేర్సుకున్నవ్" అన్నాడు. "నా లెక్కనే."

అది దీవెనో శాపమో నాకు తెలియదు. ఆయన ముఖంలో కోపం లేదు. అదే నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వడం లేదు. మాస్కు తనే సరిచేసుకుని గోడ వైపు తిరిగాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఆయన పోయిన మర్నాడు పొద్దున మా వాకిట్లో పాడె కట్టారు. మా దగ్గర ఆడవాళ్లు కూడా కాటి దాకా పోతారు. నేనూ పోయాను. అక్కడ కొడుకు నీళ్ల కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరగాలి. తిరిగినప్పుడల్లా వెనక నుంచి ఒకరు కొడవలి మొనతో కుండకు చిల్లు పెడతారు. ఆఖర్న కుండను వెనక్కి పడేసి పగలగొట్టి, తిరిగి చూడకుండా వచ్చేయాలి. కుండ ఇంట్లోంచే తెచ్చాం. కుమ్మరి ఇంట్లో కుండకు కరువా అనుకుని, ఏ కుండ తేవాలో ఎవరూ ఆలోచించలేదు.

మా ఆయన భుజాన ఎత్తుకున్నాడు. వెనక మా కులపెద్ద, పండు ముసలాయన, కొడవలితో పొడిచాడు. టంగుమంది. మళ్లీ పొడిచాడు. కొడవలి జారిపోయింది. రాయి తీసుకుని కొట్టాడు. మోగింది కానీ గీత కూడా పడలేదు. అది నేను చాలన్న ఆవంలోది. "ఏం కుండనమ్మా గిది? కర్మకాండకు గిట్లాంటిది తెస్తరా? పగులుతదా ఇది?" అని ముసలాయన నా మీద విసుక్కున్నాడు. మా ఆయన భుజాన కుండతో అలాగే నిలబడి ఉన్నాడు, చితి దగ్గర అందరూ గుసగుసలాడుతున్నారు. శంషాబాద్ బజారుకు పోయి తెచ్చేసరికి ఎంత పొద్దవుతుందో అన్నారు.

మా ఇంట్లో పగిలే కుండలు ఎక్కడున్నాయో నాకొక్కదానికే తెలుసు.

పరుగెత్తాను. కట్టెల కొట్టంలో, ఆయన తన చేతులతో పేర్చిన వరుసలోంచి చేతికందిన చిన్న కాగు తీసుకుని వచ్చాను. దుమ్ము దులపడానికి కూడా ఆగలేదు. నీళ్లు నింపి మా ఆయన భుజానికెత్తారు. ముసలాయన కొడవలి మొన ఆనించి రాయితో ఒక్కటేశాడు. చిల్లు పడింది. నీళ్లు సన్నగా చిమ్మాయి. రెండో చుట్టు, రెండో చిల్లు. మూడోది. మా ఆయన వెనక్కి వదిలేశాడు. ఒక్క దెబ్బకు పెంకు పెంకు అయింది.

"గిట్లుండాలె కుండంటే. ఎవరు చేసిండ్రు బిడ్డా?" అన్నాడు ముసలాయన.

"ఆయనే" అన్నాను, చితి వైపు చూపించి.

"మంచి పనోడు" అన్నాడు ఆయన. నిజంగానే అన్నాడు.

తిరిగి చూడకుండా అందరం నడిచాం. మా ఆయన ముందు నడుస్తున్నాడు, ఒంటి మీద చొక్కా లేదు. కుండ ఆనిన భుజం మీద, నీళ్లు కారిన వీపు మీద, కరగని బూడిద తడిసి చారలు చారలుగా అంటుకుంది. ఇంకో అరపూట మంట తగిలి ఉంటే అది గాజై కుండనే పట్టుకుని ఉండేది. ఇల్లు చేరేదాకా నేను ఆ వీపు వెనకే నడిచాను. ఎండకు ఆ చారలు ఆరుతూ, ఒక్కొక్కటే తెల్లబడుతూ వచ్చాయి.